పాటకు పుర్రె కొలతలు

2002 నవంబరులో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి చెందిన 'ది రూట్స్' అనే హిప్‌హాప్ బృందం ఒక ఆల్బమ్ విడుదల చేసింది. దాని పేరు 'ఫ్రెనాలజీ'. పాటల సంపుటికి ఎవరూ పెట్టుకోని పేరు అది. పుర్రె మీది ఎత్తుపల్లాలను వేళ్లతో తడిమి మనిషి తెలివినీ, శీలాన్నీ, నేరబుద్ధినీ చెప్పవచ్చునని పద్దెనిమిదో శతాబ్దం చివర వియన్నాలో ఫ్రాంజ్ జోసెఫ్ గాల్ అనే వైద్యుడు లేవదీసిన వాదానికి ఆ పేరు. శాస్త్రం వేషం కట్టిన ఆ వాదాన్ని నల్లవారి బానిసత్వానికి సమర్థనగా వాడుకున్నారు. రూట్స్ ఆల్బమ్ అట్ట మీద గదులు గదులుగా విడగొట్టిన ఒక తల బొమ్మ ఉంటుంది. లోపల ర్యాప్‌తో పాటు రాక్ గిటార్లు, పంక్ కేకలు, ఒక కవి గొంతు వినిపిస్తాయి. హిప్‌హాప్ బృందం రాక్‌తో ప్రయోగం చేసిందని సంగీత సమీక్షకులు రాశారు. 'ప్రయోగం' అన్న ఆ మాట దగ్గరే నాకు పేచీ ఉంది. తన ఇంట్లోకి తాను తిరిగి వెళ్లినవాణ్ని 'కొత్త చోట అడుగుపెట్టాడు' అని మెచ్చుకుంటే, ఆ మెప్పులో ఆ ఇల్లు అతనిది కాదన్న తీర్పు కూడా ఉంటుంది.

రూట్స్ నేపథ్యం కొంత చెప్పుకోవాలి. అహ్మిర్ థాంప్సన్, తారిక్ ట్రాటర్ అనే ఇద్దరు విద్యార్థులు ఫిలడెల్ఫియాలోని ఒక కళల పాఠశాలలో కలుసుకుని 1987 ప్రాంతంలో ఈ బృందాన్ని మొదలుపెట్టారు. లోకం వారిని క్వెస్ట్‌లవ్, బ్లాక్ థాట్ అనే పేర్లతో ఎరుగును. రికార్డులను తిప్పి తాళం పుట్టించడం హిప్‌హాప్‌కు అలవాటైన పద్ధతి కాగా, వీరు వీధిలో నిలబడి డ్రమ్ములు కొట్టి, వాద్యాలు పట్టి ర్యాప్ పాడారు. 1999లో వచ్చిన వారి ఆల్బమ్‌కు చినువా అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' పేరు పెట్టారు. అందులోని ఒక పాటకు మరుసటి ఏడాది గ్రామీ పురస్కారం వచ్చింది. అదే బాణీలో ఇంకో ఆల్బమ్ చేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు, కంపెనీ సంతోషించేది. వారు ఆ పని చేయలేదు.

'ఫ్రెనాలజీ'లో మూడో అంశానికి పేరు లేదు. పేరుండవలసిన చోట ఏడు ఆశ్చర్యార్థకాలు ఉన్నాయి. అర నిమిషం కూడా నిండని ఆ తునక నిఖార్సయిన హార్డ్‌కోర్ పంక్. పంక్ అనగానే తెల్ల కుర్రాళ్ల తిరుగుబాటు గుర్తుకు వచ్చేవారికి ఒక మాట చెప్పాలి: ఆ హార్డ్‌కోర్ వేగాన్ని తొలి రోజుల్లో తీర్చిదిద్దినవారిలో వాషింగ్టన్‌కు చెందిన 'బ్యాడ్ బ్రెయిన్స్' ముందు వరుసలో ఉంది. అది నల్లవారి బృందం. ఆల్బమ్‌లో అందరూ గుర్తుంచుకున్న 'ది సీడ్' పాటలో కోడీ చెస్‌నట్ అనే గాయకుడు గిటార్ పట్టి పల్లవి పాడగా బ్లాక్ థాట్ ర్యాప్ అందుకుంటాడు. 'వాటర్' అనే పాట మాదకద్రవ్యాల ఊబిలో చిక్కి బృందానికి దూరమైన సహచరుడు మాలిక్ గురించి. పది నిమిషాలు దాటిన ఆ పాట సగం తర్వాత మాట వదిలేసి కేవలం రొదగా, మూలుగుగా మారిపోతుంది. (ఆ మాలిక్ 2020లో చనిపోయాడు. ఇప్పుడు ఆ రెండో సగాన్ని వినడం కష్టం.) చివరి అంశంలో అమీరి బరాకా తన కవిత చదువుతాడు. నల్లవారి సంగీత చరిత్రనే అమెరికాలో వారి సామాజిక చరిత్రగా చదవవచ్చునని 1963లోనే 'బ్లూస్ పీపుల్' రాసిన మనిషి ఆయన. ఆయనను చివర కూర్చోబెట్టారంటే ఈ ఆల్బమ్ దేని గురించో బృందానికి స్పష్టంగా తెలుసునన్న మాట.

ఫిలడెల్ఫియా అన్న ఊరి పేరును కూడా తేలిగ్గా దాటలేను. పందొమ్మిదో శతాబ్దంలో శామ్యూల్ జార్జ్ మోర్టన్ అనే వైద్యుడు వందలాది పుర్రెలు పోగుచేసి, వాటిలో గింజలూ సీసపు గుళ్లూ నింపి కొలిచి, జాతుల మధ్య నిచ్చెన కట్టింది ఆ ఊళ్లోనే. 1839లో ఆయన అచ్చువేసిన 'క్రేనియా అమెరికానా' గ్రంథానికి జార్జ్ కూంబ్ అనే పేరుమోసిన కపాలశాస్త్రవేత్త రాసిన వ్యాసం అనుబంధంగా ఉంది. ఆ పుర్రెల సేకరణ చివరకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మ్యూజియానికి చేరింది. 2021లో ఆ మ్యూజియం క్షమాపణ చెప్పింది. ఫిలడెల్ఫియాకు చెందిన నల్లవారివిగా గుర్తించిన పందొమ్మిది పుర్రెలకు 2024లో అంత్యక్రియలు జరిగాయి. అంటే రూట్స్ తమ ఆల్బమ్‌కు ఆ పేరు పెట్టిన నాటికి, తమ ఊరి పూర్వీకుల తలలు ఆ ఊరి విద్యాసంస్థలోనే ఉన్నాయి. ఇది తెలిశాక ఆ అట్ట మీది తల బొమ్మను మరొక రకంగా చూస్తాం.

ఇక్కడ తలకూ పాటకూ ఉన్న సంబంధం ఏమిటి? గదులే ఆ సంబంధం. తలను గదులుగా విడగొట్టి ఒక్కో గదికి ఒక్కో గుణం అంటగట్టినట్టే, అమెరికా సంగీత వ్యాపారం పాటను అరలుగా విడగొట్టి ఒక్కో అరకు ఒక్కో చర్మపు రంగు అంటగట్టింది. గత శతాబ్దం తొలి సగంలో నల్లవారి రికార్డులను 'రేస్ రికార్డ్స్' అనే అరలో పెట్టి అమ్మారు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని పెట్టింది. పేరు మారింది గాని అర మారలేదు. ఆ అరలోంచి పుట్టిందే రాక్ అండ్ రోల్. విద్యుత్ గిటార్ పట్టి చర్చి పాటను ఉర్రూతలూగించిన సిస్టర్ రొసెట్టా థార్ప్, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ దాన్ని నిలబెట్టారు. కొద్ది దశాబ్దాల్లోనే రాక్ అంటే తెల్లవారి సంగీతమన్నది సామాన్యజ్ఞానమై కూర్చుంది.

దీన్ని 'తెల్లవాళ్లు దొంగిలించారు' అనే ఒక్క వాక్యంతో ముగించడం నాకు ఇష్టం లేదు. వాస్తవం అంతకన్న చిక్కుగా ఉంటుంది. 'హౌండ్ డాగ్' పాటను 1952లో మొదట పాడి రికార్డు చేసింది బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్ల మహిళ. నాలుగేళ్ల తర్వాత ఎల్విస్ ప్రెస్లీ పాడి లోకప్రసిద్ధం చేశాడు. తనకు ఆ పాట వల్ల దక్కినది ఐదు వందల డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆమె చెప్పుకుంది. కాని ఆ పాటను రాసినవారు ఇద్దరు యూదు యువకులు. అంటే పుట్టుక శుద్ధి గురించి వాదిస్తే మనమూ పుర్రెలు కొలిచేవాళ్లమే అవుతాం. పాట ఎవరి రక్తంలోంచి వచ్చిందన్నది నా ప్రశ్న కాదు. అది ఎవరి అరలో పెట్టినప్పుడు చిల్లర తెచ్చింది, ఎవరి అరలో పెట్టినప్పుడు సంపద తెచ్చింది, ఆ అరలను నిర్ణయించే చేయి ఎవరిది అన్నదే ప్రశ్న.

రూట్స్ కంటే పదిహేడేళ్ల ముందు ఈ ప్రశ్నను గుమ్మం దగ్గరే నిలబెట్టి అడిగిన బృందం ఇంకొకటి ఉంది. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతపు 'రన్ డిఎంసి' 1985 జనవరిలో తెచ్చిన ఆల్బమ్ పేరే 'కింగ్ ఆఫ్ రాక్'. ఎడీ మార్టినెజ్ గిటార్ మీద ఇద్దరు నల్ల యువకులు రాక్‌కు రాజులం మేమే అన్నారు. ఆ పాట వీడియోలో వారు ఒక రాక్ సంగీత మ్యూజియానికి వెళతారు. కాపలాదారు గుమ్మంలో ఆపి, మీకు ఇక్కడేం పని అన్నట్టు నవ్వుతాడు. వారు అతణ్ని తోసుకుని లోపలికి పోతారు. అప్పటికి నిజమైన రాక్ అండ్ రోల్ మ్యూజియం కట్టనేలేదు. క్లీవ్‌లాండ్‌లో దాని తలుపులు తెరుచుకున్నది 1995లో. అంటే భవనం కన్నా ముందు కాపలాదారు పుట్టాడు. ఈ మాట నేను వెటకారానికి అనడం లేదు. గుడి లేని ఊళ్లో కూడా గుడి ప్రవేశ నిషేధం ఉండే సమాజం నుంచి వచ్చిన పాఠకులకు ఇది వివరించనక్కర లేదు. రన్ డిఎంసికి ఆ సంస్థ గౌరవ సభ్యత్వం దక్కింది 2009లో.

వారికి అసలు విజయం మాత్రం మరుసటి ఏడు, 1986లో, ఇంకో షరతు మీద వచ్చింది. ఏరోస్మిత్ అనే తెల్లవారి రాక్ బృందం 1975లో పాడిన 'వాక్ దిస్ వే' పాటను ఆ బృందపు గాయకుడు స్టీవెన్ టైలర్, గిటార్ వాద్యకారుడు జో పెర్రీలతో కలిసి మళ్లీ చేశారు. ఆ పాటలోని తొలి డ్రమ్ము దరువు మీద వీరు పేటల్లో ఎన్నాళ్ల నుంచో ర్యాప్ చెప్పేవారు; మిగతా పాటతో వారికి పని లేదు. ఆ సాహిత్యాన్ని పాడటానికి మొదట వారు ఇష్టపడలేదు కూడా. పాట అమెరికా పట్టికలో నాలుగో స్థానానికి ఎక్కింది. వాడిపోతున్న ఏరోస్మిత్ మళ్లీ చిగురించింది. వీడియోలో రెండు బృందాలు పక్కపక్క గదుల్లో సాధన చేస్తుంటాయి, మధ్య గోడ. ఆ గోడను పగలగొట్టేది టైలర్. మైకు కర్రతో గోడ పగలగొట్టి తల లోపలికి పెట్టిన ఆ దృశ్యాన్ని జాతుల మధ్య అడ్డు తొలగిన ఘట్టంగా ఇప్పటికీ చూపుతారు. ఒక ఏడాది వ్యవధిలో ఏం జరిగిందో గమనించండి. 1985లో నల్లవారే తలుపు తోసుకుని వెళ్లారు. 1986లో తెల్లవాడు ఉదారంగా గోడ పడగొట్టాడు. మొదటిది హక్కు, రెండోది ఆతిథ్యం. చరిత్ర ఆతిథ్యాన్నే ఎక్కువ జ్ఞాపకం పెట్టుకుంది.

ఆ తర్వాతి ఘట్టం మరీ విడ్డూరం. బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో ప్రథమ స్థానానికి చేరిన తొలి ర్యాప్ ఆల్బమ్ బీస్టీ బాయ్స్ అనే ముగ్గురు తెల్ల యువకులది. అదీ రాక్ గిటార్లు కలిపినదే. వారు ప్రతిభ లేనివారని నేను అనను. అరలు గీసిన గీతలు ఎవరికి పలచగా, ఎవరికి మందంగా ఉంటాయో చెప్పడానికి ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

గీత దాటినందుకు శిక్ష పడిన సంగతి కూడా ఉంది. ఐస్ టి అనే ర్యాపర్ 'బాడీ కౌంట్' పేరుతో నల్లవారి హెవీ మెటల్ బృందం పెట్టాడు. 1992లో వారి ఆల్బమ్‌లోని 'కాప్ కిల్లర్' పాట మీద పోలీసు సంఘాలు వార్నర్ సంస్థను బహిష్కరించాలని పిలుపునిచ్చాయి. దేశాధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ ఖండించారు. చివరకు ఆ పాటను ఆల్బమ్ నుంచి తీసేయవలసి వచ్చింది. అది రాక్ పాట, ర్యాప్ కాదు అని ఐస్ టి ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. విమర్శకులందరూ దాన్ని ర్యాప్ అనే పిలిచారు. గిటార్లు చెవిన పడలేదు, చర్మం కంట పడింది. పాటకు పుర్రె కొలత అంటే ఇదే: ఏం వాయించావన్నది కాదు, ఎవరివి నువ్వన్నదే నీ సంగీతానికి పేరు పెడుతుంది.

ఈ చరిత్రంతా వెనక పెట్టుకుని వచ్చింది కాబట్టే 'ఫ్రెనాలజీ' నాకు ముఖ్యం. రూట్స్ తలుపు తట్టలేదు. గోడ పగలగొట్టమని ఎవరినీ పిలవలేదు. అసలు కొలిచే పనిముట్టునే అట్ట మీద పెట్టి, ఇదిగో మీరు మమ్మల్ని విడగొట్టిన గదులు, ఇవన్నీ ఒకే తలలోవి అన్నారు. పంక్, సోల్, రాక్, కవిత్వం వేర్వేరు అతిథులు కావు, ఒకే మనిషి జ్ఞాపకాలు అన్నారు. ఆల్బమ్ అంతటా ఇది సమానంగా కుదిరిందని చెప్పను. కొన్ని చోట్ల ప్రేమగీతాలు అలవాటు దారినే పోయాయి.

'ది సీడ్' పాట విషయంలో ఇంకా గట్టి అభ్యంతరమే ఉంది. రాక్ అండ్ రోల్ అనే బిడ్డను కనడానికి విత్తనం వేయడం ఆ పాటలోని ఉపమ. అందులో పురుషుడు విత్తువాడు, స్త్రీ నేల. సంగీత వంశావళిని తిరిగి రాసుకునే ఆ పాట స్త్రీని పొలంగానే వదిలేసింది. బీజం, క్షేత్రం అన్న ఈ జంట మనకు కొత్తది కాదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం స్త్రీని క్షేత్రమనీ, పురుషుణ్ని బీజమనీ చెప్పి పంట ఎవరిదో తేల్చబూనుకుంది. కులం నిలిచేది ఆ లెక్క మీదే. సొంత కులంలోనే పెళ్లి అనే కట్టుబాటే కులానికి ప్రాణమని, ఆ కట్టుబాటు స్త్రీల శరీరాల మీద అమలవుతుందని అంబేడ్కర్ 1916లో, విద్యార్థిగా ఉండగానే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో విప్పి చెప్పాడు. రాక్‌ను కన్నది థార్ప్, థార్న్‌టన్ లాంటి స్త్రీలని గుర్తుంటే ఆ ఉపమ అంత సులువుగా నాలుక మీదికి వచ్చేది కాదు. అణచివేతకు గురైనవారి కళ అయినంత మాత్రాన దాన్ని ప్రశ్నించకుండా నెత్తిన పెట్టుకోనక్కర లేదు.

ఇదంతా అమెరికా గొడవ, కులం పేజీలో ఎందుకని అడిగేవారు ఉంటారు. కొలబద్ద మన దాకా వచ్చింది కాబట్టి. 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిస్లే ముక్కు వెడల్పుకూ సామాజిక హోదాకూ విలోమ సంబంధం ఉందని సిద్ధాంతం చేశాడు. కులాలను హోదా క్రమంలో పేర్చమన్నాడు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్స్టన్ కొలపరికరాలు పట్టుకుని నాటి మద్రాసు ప్రెసిడెన్సీ అంతా తిరిగాడు. తెలుగు జిల్లాల మాల, మాదిగలతో సహా వందలాది కులాల మీద 1909లో ఆయన, కె. రంగాచారి సాయంతో, తెచ్చిన ఏడు సంపుటాలను మన పరిశోధకులు ఇప్పటికీ ఆధారంగా చూపుతారు. ఈ కొలతలను వాటి అంకెలతోనే ఓడించినవాడు అంబేడ్కర్. 1948 నాటి 'ది అన్‌టచబుల్స్' గ్రంథంలో ఆయన ఘుర్యే సేకరించిన ముక్కు కొలతలను తీసుకుని, బ్రాహ్మణులకూ అస్పృశ్యులకూ మధ్య జాతి భేదం వాటి ప్రకారమే నిలవదని చూపాడు. కొలిచేవాడి పనిముట్టును తిప్పి కొలిచేవాడి మీదే పెట్టడం అది. రూట్స్ అట్ట బొమ్మను చూసినప్పుడల్లా నాకు ఆ అధ్యాయం గుర్తుకు వస్తుంది.

వర్ణవివక్ష, కులం ఒకటే అని నేను అనడం లేదు. నల్లవారితో మన పోరాటాలకు ఉన్న చుట్టరికం పాతది. ఫూలే 1873లో 'గులాంగిరీ'ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు; 1946లో అంబేడ్కర్ డుబోయిస్‌కు లేఖ రాశాడు; 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. చుట్టరికం ఉన్నంత మాత్రాన పోలిక పూర్తి కాదు. అమెరికాలో తెల్లవాడు నల్లవాడి పాటను ముట్టుకున్నాడు, పాడాడు, సొమ్ము చేసుకున్నాడు. ఇక్కడ అగ్రవర్ణుడు దళితుడి డప్పును ముట్టుకోనేలేదు. ముట్టుకోకుండానే వాడుకున్నాడు: చావుకూ, జాతరకూ, దండోరాకూ, చాలా చోట్ల వెట్టిగా. అక్కడ అపహరణ, ఇక్కడ దూరం. అయితే దూరం అన్నచోట కూడా ఒక దాపరికం ఉంది. కచేరీ మృదంగానికి మూసేది తోలే. ఆవు తోలు, గేదె తోలు, మేక తోలు. తమిళనాట దాన్ని తయారు చేసేవారిలో ఎక్కువమంది దళితులనీ, వారిలో క్రైస్తవులూ ఉన్నారనీ టి.ఎం. కృష్ణ 2020లో వచ్చిన తన పుస్తకం 'సెబాస్టియన్ అండ్ సన్స్'లో వివరంగా రాశారు. ఒకే తోలు డప్పు మీద ఉంటే మైల, మృదంగం మీద ఉంటే నాదబ్రహ్మం. వాద్యం చేసినవాడి చేయి కచేరీలో కనపడదు.

అరలు మన దగ్గర మరింత మర్యాదగా ఉంటాయి. మన విశ్వవిద్యాలయాల్లో సంగీతం ఒక శాఖ, జానపద కళలు ఇంకో శాఖ. మొదటిదానిలో విద్యార్థి నేర్చుకుంటాడు. రెండోదానిలో ఎక్కువగా పరిశోధిస్తాడు. డప్పు మీద సిద్ధాంత వ్యాసం రాసి డాక్టరేటు పొందడం సులభం. డప్పు వాయించడం వచ్చినందుకు సంగీతజ్ఞుడనిపించుకోవడం కష్టం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులకు ప్రత్యేకంగా ఒక వరుస ఉంది. ఆ పింఛను కావలసిందే, ఇంకా పెరగవలసిందే. ముసలితనంలో ఆ డబ్బు అన్నం పెడుతుంది. కాని కళను ఆదరించడం వేరు, కళాకారుణ్ని ఆదుకోవడం వేరు. రెండోది చేసి మొదటిది చేసినట్టు చెప్పుకోవడం మన ప్రభుత్వాలకు అలవాటు.

ఈ అరలను తోసేసే పని మన పొరుగునే జరిగింది. దర్శకుడు పా. రంజిత్ చొరవతో, తెన్మా సంగీత సారథ్యంలో 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందం 2018 జనవరిలో చెన్నైలో తొలి కచేరీ చేసింది. అయోతిదాస పండితుడి 'కులం లేని తమిళులు' అన్న భావన నుంచి ఆ పేరు తీసుకున్నారు. ఉత్తర చెన్నై పేటల గానా పాట, ర్యాప్, రాక్ గిటార్ ఒకే వేదిక మీద నిలిచాయి. అందరూ ఒకే తీరు సూట్లు వేసుకున్నారు. ఆ సూటు ఎవరిదో దళిత ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కర లేదు. రిజర్వేషన్ గురించి, భీమ్ గురించి పాడారు. గానా పురుషుల సొత్తనే మాటను ఇసైవాణి తన గొంతుతో కొట్టేసింది. దీన్ని కూడా పత్రికలు 'ఫ్యూజన్' అన్నాయి. గానా పాడే పిల్లవాడు గిటార్ పట్టుకుంటే ఫ్యూజన్. వయొలిన్ ఐరోపా నుంచి వచ్చి కర్ణాటక కచేరీలో కూర్చుంటే మాత్రం సంప్రదాయం. కలయిక అన్న మాటకు కూడా కులం ఉంది.

అదే బృందం నుంచి వచ్చిన అరివు 2021లో 'ఎంజాయ్ ఎంజామి' పాట రాసి, ధీతో కలిసి పాడాడు. భూమి లేని తన నానమ్మ, తాతల బతుకుల నుంచి తీసిన పాట అది, దేశమంతా మోగింది. ఆ ఏడాది ఆగస్టులో ఒక ప్రసిద్ధ సంగీత పత్రిక ముఖచిత్రం మీద మిగతావారు కనిపించారు, అరివు కనిపించలేదు. గొడవ జరిగాక అతని బొమ్మతో డిజిటల్ ముఖచిత్రం వచ్చింది. థార్న్‌టన్‌కు ఐదు వందల డాలర్లయినా చేతికి వచ్చాయి. ఇక్కడ ముందు ముఖమే మాయమైంది. ఎవరో ఒక్కరు కుట్ర చేశారని నేను అనను. కుట్ర లేకుండానే ఇలా జరిగిపోవడమే అసలు సంగతి. అరలు అలవాటైన చేతులకు ఎవరిని ముందు పెట్టాలో, ఎవరిని మరచిపోవాలో ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఈ విషయంలో దళితుల మధ్యే ఉన్న ఒక వాదాన్ని దాటవేయకూడదు. డప్పు కొట్టడం మా మీద మోపిన కులవృత్తి, దాన్ని కింద పడేయడమే విముక్తి అన్నవారు తమిళనాటా ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. చావుకు డప్పు కొట్టబోమని నిరాకరించి దెబ్బలు తిన్న పల్లెలున్నాయి. మరోవైపు 1994లో మొదలైన మాదిగ దండోరా ఆ డప్పునే ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తుకుంది. దండోరా అన్న మాటనే ఊరి ఆజ్ఞ నుంచి విడిపించి ఉద్యమానికి పేరు చేసింది. ఈ రెండింటిలో ఏది సరి అని నన్నడిగితే, రెండూ ఒకే హక్కుకు రెండు చేతులంటాను. వాయించను అనే హక్కు లేనివాడికి వాయించడం కళ కాదు, చాకిరీ. డప్పు వాయించే హక్కుతో పాటు గిటార్ వాయించే హక్కూ, వీణ వాయించే హక్కూ, ఏదీ వాయించకుండా లెక్కలు చదువుకునే హక్కూ ఉన్నప్పుడే డప్పు సంగీతమవుతుంది. రూట్స్ కుర్రాళ్లను ర్యాప్ మాత్రమే చేయమని మార్కెట్టు అంటే, అది డప్పు మాత్రమే కొట్టమన్న ఊరి పెద్ద మాటకు దగ్గరి చుట్టమే.

హాస్టళ్లలో, విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో పాట కట్టుకుంటున్న మన విద్యార్థులతో మాట్లాడేటప్పుడు నాకు తరచు ఒక ప్రశ్న ఎదురవుతుంది: ర్యాప్, రాక్ మనవి కావు కదా, వాటిని పాడితే మూలాలు మరచినట్టు కాదా? మూలాలకు కట్టేసి ఉంచడం ఎవరికి లాభమో ముందు చూడాలని నా జవాబు. 'మీ జానపదం ఎంత బాగుంటుందో, అదే పాడండి' అని ప్రేమగా చెప్పే గొంతుల్లో నాకు కాపలాదారు నవ్వు వినిపిస్తుంది. అయితే గిటార్ చేతికి వచ్చినంత మాత్రాన పని అయిపోదు. పాట ఎవరి పేరున నమోదవుతోంది, రాయల్టీ ఎవరి ఖాతాలో పడుతోంది, తాళం కట్టినవాడి పేరు ఎక్కడ ఉంది అన్నవి పాటంత ముఖ్యమైన విషయాలు. రన్ డిఎంసి చరిత్ర ఈ సంగతి చెప్పడానికే పనికి వస్తుంది. గోడ పగిలిన వీడియో చూసి మురిసిపోయేవారు 1986 తర్వాత ఎవరి కచేరీ టికెట్ల గిరాకీ ఎలా మారిందో కూడా చదవాలి.

'ఫ్రెనాలజీ'లో ఒక అంశాన్ని శ్రోతలు సాధారణంగా దాటేస్తారు. అందులో ఉర్సులా రక్కర్ అనే కవయిత్రి పాట పాడదు, హాజరు పట్టీ చదువుతుంది. తమకు ముందు హిప్‌హాప్‌లో పనిచేసినవారి పేర్లు, ప్రసిద్ధులవీ మరుగుపడినవారివీ, ఒకదాని వెంట ఒకటి పిలుస్తుంది. థర్స్టన్ సంపుటాల్లోని ఫొటోల కింద సాధారణంగా కులం పేరే ఉంటుంది. నిలబడ్డ మనిషి పేరు ఉండదు. మన సినిమాల్లో డప్పు దరువు మీద ఆడిన పాటలు ఎన్నో హిట్లయ్యాయి. వాటి రికార్డింగులో కూర్చుని ఆ దరువు వేసినవారి పేర్లు పట్టుమని పది చెప్పగలిగినవారు మనలో ఎంతమంది ఉన్నారు?